బంతిని ఎగురగొట్టుట: నాయుడు నాటినుండి నేటివరకు

విరుదునగర్ జిల్లాలో వైప్పారు నది ఒడ్డునగల వెంబకోట్టై చెంత 2022 మొదలు జరిగిన త్రవ్వకాలలో శంఖపు గాజులు, గాజుపూసలతోపాటు కాల్చిన మట్టి ఆటబిళ్ళలును బయల్పడినవి. బిళ్ళలు దొరికినవి గాని, వానితో ఆడినవారి ఎత్తుగడలు దొరకలేదు. ఆటవస్తువు మన్నులో మిగులును. ఆడిన తీరు మిగులదు. అది తెలియవలెనన్నచో లెక్క వ్రాసియుంచిన ఆటనే చూడవలెను. గత నూరేండ్లలో బంతిని కొట్టు పద్ధతి ఎట్లు మారినదో తెలిసికొనుటకు క్రికెట్టు స్కోరు పుస్తకములు అట్టి ఆధారములు. అందు తెలుగు ఆటగాండ్ర వరుసయే మనకు చాలును.

కర్రాబిళ్ళ ఆడిన ప్రతివానికిని ఇందలి చిక్కు తెలిసినదే. బిళ్ళను ఎత్తి కొట్టినచో దూరము పోవును. నేల తాకకముందే ఎదుటివాడు పట్టెనా, కొట్టినవాని ఆట ముగిసినట్లే. క్రికెట్టున బంతిని నేలబారుగా కొట్టవలెనను పాతబోధ ఈ భయమునుండి పుట్టినదే.

కొట్టారి కనకయ్య నాయుడు 1895లో నాగపూరున జన్మించెను. వెంబకోట్టై ప్రాంతపు తెలుగువారివలెనే ఆయన కుటుంబమును తెలుగునేలకు వెలుపల స్థిరపడినది. 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానాలో, గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై హిందువుల పక్షమున ఆడి, రెండు గంటలలోపుననే 153 పరుగులు చేసెను. అందు సిక్సర్లే 11. దీనిని సహజసాహసమని మెచ్చుకొని విడిచిపెట్టుట వాడుక. అది సరికాదు. 1916లో తన తొలి పెద్ద పందెమున ఆయన మొదటి మూడు బంతులను ఆపి, నాల్గవదానిని సిక్సరు కొట్టెను. సాహసముతోపాటు లెక్కయు అందున్నది. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టునకు నాయకుడైనవాడు ఈయనయే.

ఆ కాలముననే అమెరికాలో బేస్‌బాల్ ఆటయు మారెను. అంతకుముందు బంతిని అందినచోటికి తట్టి, ఒక్కొక్క బేసుగా ముందుకు జరుగుటయే నేర్పు. బేబ్ రూత్ 1919లో 29, 1920లో 54, 1927లో 60 హోమ్ రన్‌లు కొట్టగా, ఎత్తి కొట్టుటయే రాజమార్గమైనది. 2015 నుండి బంతి లేచిన కోణమునుసైతము యంత్రములు కొలుచుచున్నవి. ఫీల్డర్లను ఒకే వైపునకు జరిపి కొట్టువానిని కట్టివేయు ఉపాయము మితిమీరగా, 2023లో దానికి నిబంధనతో అడ్డుకట్ట వేసిరి.

అక్కడ రూత్ మార్గము వెంటనే పాకగా, ఇక్కడ నాయుడు మార్గము ఏల పాకలేదు? బేస్‌బాల్‌లో ఔటైనవానికి అదే పందెమున మరల వంతు వచ్చును. టెస్టు క్రికెట్టున ఔటైనవానికి ఆ ఇన్నింగ్సు ముగిసినట్లే. వికెట్టు వెల అంతటిది. సికిందరాబాదువాడైన జయసింహ స్వభావముచేత చెలువముగా కొట్టగలవాడు. అట్టివాడును 1960లో కాన్పూరున పాకిస్తానుపై ఎనిమిది గంటలకు మించి నిలిచి 99 పరుగులే చేసెను. ఐనను నేలబారు ఆట పిరికితనము కాదు. 2001లో కలకత్తాలో, ఫాలో ఆన్ ఆడవలసివచ్చిన జట్టును గట్టెక్కించిన లక్ష్మణ్ 281 పరుగులలో 44 ఫోర్లు కలవు, సిక్సరు ఒక్కటియు లేదు.

మార్పు తెచ్చినది పందెపు నిడివియే. ఇరువది ఓవర్ల ఆటలో 120 బంతులకు పది వికెట్లు. వికెట్టునకు పండ్రెండు బంతులు. ఇంత చౌకైనదానిని దాచుకొనుట వ్యర్థము. 2008లో ఐ.పి.ఎల్. మొదలైన పిదప ఈ లెక్క అందరికిని తెలిసినది. 2024 ఏప్రిలులో బెంగుళూరుపై సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు 22 సిక్సర్లతో 287 పరుగులు చేసెను. పేరు హైదరాబాదుదే గాని అందు హెచ్చుగా కొట్టినవారు ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా దేశస్థులు. ఆ కొరతను ఆ నవంబరులోనే హైదరాబాదు యువకుడు తిలక్ వర్మ దక్షిణాఫ్రికాలో వరుసగా రెండు శతకములు చేసి తీర్చెను.

ఆ డిసెంబరున మెల్‌బోర్న్ టెస్టులో విశాఖపట్టణపు నితీష్ కుమార్ రెడ్డి, ఐ.పి.ఎల్.లో పేరుగన్నవాడయ్యును, 189 బంతులు ఆడి 114 పరుగులు చేసెను. సిక్సరు ఒక్కటే. ఎనిమిదవ వికెట్టునకు ఆయనతో నిలిచి 127 పరుగులు జోడించినవాడు తమిళనాటి వాషింగ్టన్ సుందర్.