ఆమ్ల సల్ఫేటు నేలలు - జలకాలుష్యము

సముద్రతీరపు పల్లపు భూములలో, నీటి క్రింద అణగి గాలి తగులని లోపలి పొరలయందు, ఇనుమును గంధకమును కలిసి యేర్పడిన పైరైటు అను ఖనిజము నిక్షిప్తమై యుండును. మంచుయుగము ముగిసి సముద్రమట్టము పెరిగిన పిమ్మట, గడచిన పదివేల యేండ్లలో, మడ అడవుల బురదయందలి సూక్ష్మజీవులు ఉప్పునీటి సల్ఫేటును మార్చి దీనిని కూర్చినవి. నీరు కప్పియున్నంతకాలము ఇది నిరపాయకరము. కృషీవలుడు మురుగుకాలువ త్రవ్వి నీటిమట్టమును దింపగా, గాలి సోకిన పైరైటు గంధకికామ్లమును పుట్టించును. ఒక టన్ను ఖనిజమునుండి రమారమి 1.6 టన్నుల ఆమ్లము వెలువడును. అది మట్టిలోని అల్యూమినియమును, ఇనుమును కరగించుకొని వానలతో నదులకు చేరును. కావున ఈ నేలలు పుట్టుకతో పులిసినవి కావు, సేద్యముచే పులిసినవి అనుటయే న్యాయము.

ఈ దోషమును మొదట గుర్తించిన దేశములలో హాలెండు ఒకటి. 1852లో హార్లెమర్‌మేర్ సరస్సును ఎండగట్టి పొలములు చేసిన తరువాత, రసాయనశాస్త్రజ్ఞుడు వాన్ బెమ్మెలెన్ అచటి మట్టిని పరిశోధించెను. అయినను నాటి చింత యంతయు పంటను గూర్చియే. పొలము దాటిన నీరు ఎవరి కేమి చేయునని విచారించినవారు అరుదు.

ఆ విచారణను అనివార్యము చేసినది ఆస్ట్రేలియాలోని ట్వీడ్ నది. న్యూ సౌత్ వేల్స్ ఉత్తరభాగమున ఈ నది వరదమైదానములందు చెఱకు సాగుకై లోతైన కాలువలు త్రవ్వియుండిరి. 1987లో భారీ వర్షములు కురియగా, కాలువల ఆమ్లజలము నదిలో పడి, 23 కిలోమీటర్ల మేర చేపలు, పీతలు, అడుగుబురదలోని పురుగులు సైతము నశించెను. ఆ భాగము సుమారు 18 నెలలు నిర్జీవముగా నుండెను. విచిత్రమేమన, నీరు మురికిగా గాక అద్దమువలె తేటపడెను. అల్యూమినియము నీటిలోని మట్టిరేణువులను గుమిగూర్చి అడుగునకు దింపివేయుటయే దీనికి కారణము. కలుషజలము మురికిగా నుండునను లోకవిశ్వాసము ఇచట పనికిరాలేదు. ఆ లోహమే చేపల మొప్పలపై పేరుకొని ఊపిరాడనీయదు. తదనంతరము చెఱకు రైతులు కాలువల లోతు తగ్గించి, మడులను చదునుచేసి, సున్నము చల్లి, కొన్నిచోట్ల తూములు తెఱచి ఆటుపోటు నీటిని లోనికి రానిచ్చుట నేర్చిరి. సముద్రజలమునకు ఆమ్లమును కొంత విఱుచు గుణము కలదు.

అనుభవము ఒకచోట కలిగినను, పాఠము అన్నిచోట్లకు చేరలేదు. 1990ల దశకమున ఇండొనేషియా ప్రభుత్వము మధ్య కలిమంతానులో పైరైటు పొరలు కొన్నిచోట్ల గల దాదాపు 10 లక్షల హెక్టార్ల చిత్తడినేలను వరిపొలములుగా మార్చబూని కాలువలు త్రవ్వించి, అచిరకాలముననే ఆ పథకమును విరమించెను.

మనదేశమున కేరళలోని కుట్టనాడు ఇందులకు ప్రసిద్ధోదాహరణము. సముద్రమట్టము కంటె పల్లమున నున్న అచటి కరినేలలలో ఆమ్లసూచిక (pH) 4 కంటె దిగువకు పోవుట కలదు. రైతులు విత్తుటకు ముందు పొలమున నీరు నింపి, మడ్డినీటిని పంపులతో తోడి కాలువలలోనికి వదలుదురు. తుప్పురంగు తెట్టు తేలు ఆ నీరు వెంబనాడు సరస్సు దారి పట్టును. 1970ల దశకమున ఉప్పునీటిని ఆపుటకై నిర్మించిన తన్నీర్‌ముక్కం కట్ట పంటను కాపాడెను గాని, ఆటుపోటుల సహజప్రక్షాళనమును తగ్గించెను. ఆమ్లమును విఱుచుటకు పొలములలో చల్లెడు సున్నమునకు ఆ సరస్సు అడుగున తవ్వితీసిన గుల్లలు ముడిసరుకుగా వాడబడినవి.