వ్యయం నుండి నష్టానికి: మోటారు కారు శీతలీకరణ చరిత్ర – కూలెంట్ తరుగుదల నిర్ధారణ

వ్యాససంగ్రహం:
కారులో కూలెంట్ కారణం తెలియకుండా తగ్గిపోవడం నేడు లోపం. తొలినాటి కార్లలో నీరు తగ్గడం సహజం. ఈ మార్పు జరిగిన క్రమాన్ని వివరించి, నేటి నిర్ధారణ పద్ధతికి ఆ చరిత్రే ఆధారమని చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: శీతలీకరణ, రేడియేటర్, కూలెంట్, ప్రెషర్ క్యాప్, హెడ్ గాస్కెట్.

1. ఉపోద్ఘాతం:
‘వ్యయం’, ‘నష్టం’ అనే రెండు మాటలూ తరుగుదలనే సూచించినా వాటి అర్థచ్ఛాయలు వేరు. ప్రయోజనం కోసం ఖర్చయ్యేది వ్యయం. ప్రయోజనం లేకుండా పోయేది నష్టం. ఇంజనును చల్లబరచే ద్రవం విషయంలో ఈ రెండు మాటల నడుమ ఉన్నది డెబ్బై అయిదేళ్ల సాంకేతిక చరిత్ర. ‘ఇంజను నీళ్లు తాగుతోంది’ అనే వాడుక వ్యయదశకు చెందినది. నేటి కార్లు నష్టదశకు చెందినవి. ఈ తేడా గుర్తించకుండా తగ్గినప్పుడల్లా నీరు పోస్తూ ఉంటే చిన్న లోపం ఇంజను చేటుకు దారితీస్తుంది.

2. నీరు వ్యయమైన దశ:
1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటుకు దరఖాస్తు చేసిన మూడు చక్రాల వాహనంలో సిలిండరు చుట్టూ ఉన్న నీరు మరిగి, ఆవిరై, వేడిని తీసుకుపోయేది. అక్కడ నీరు తగ్గడమే చల్లబడడం. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించినప్పుడు దారిలో పలుమార్లు నీరు నింపుకోవలసి వచ్చింది. ఆ నీరు ఏమైందన్న ప్రశ్నకు అప్పుడు తావు లేదు.

1900-01లో విల్‌హెల్మ్ మైబాఖ్ రూపొందించిన మెర్సిడెస్ 35 హెచ్.పి. కారు ఈ స్థితిని మార్చింది. ఎనిమిది వేలకు పైగా సన్నని గొట్టాలతో తేనెపట్టులా అమర్చిన రేడియేటర్ వల్ల సుమారు 9 లీటర్ల నీరు సరిపోయింది. నీరు ఆవిరైపోకుండా తిరుగుతూ వేడిని గాలికి అప్పగించసాగింది.

3. నష్టంగా మారిన దశ:
శీతలదేశాల్లో నీరు గడ్డకట్టకుండా మిథైల్ ఆల్కహాల్ కలిపేవారు. అది నీటికంటే ముందుగా ఆవిరయ్యేది. తగ్గిన మేర నీరు పోస్తే మట్టం సరిగానే కనిపించేది కాని రక్షణ క్షీణించేది. 1927లో ‘ప్రెస్టోన్’ పేరుతో మార్కెట్లోకి వచ్చిన ఇథిలీన్ గ్లైకాల్ మరిగే ఉష్ణోగ్రత సుమారు 197 డిగ్రీలు కావడంతో ఈ చిక్కు తొలగింది.

తరువాతి మెట్టు ప్రెషర్ క్యాప్. వలయంలో వాతావరణ పీడనం కంటే సుమారు ఒక బార్ అదనపు పీడనం నిలిపితే నీరు మరిగే స్థానం 120 డిగ్రీలకు చేరుతుంది. 1961లో వచ్చిన రెనో 4 కారులో మూసిన వలయాన్నీ, విస్తరణ తొట్టినీ అమర్చారు. వేడికి వ్యాకోచించిన ద్రవం తొట్టిలోకి వెళ్లి, చల్లారాక వెనక్కి వస్తుంది. ఇటువంటి వలయంలో మట్టం పదేపదే తగ్గుతోందంటే ఎక్కడో దారి ఏర్పడిందన్నమాట.

4. నిర్ధారణ క్రమం:
ద్రవం పోయే దారులు ప్రధానంగా మూడు. మొదటిది వెలుపలికి: గొట్టాల అతుకులు, రేడియేటర్, వాటర్ పంప్, క్యాప్. వేడి ఇంజను మీద పడిన బొట్టు ఆరిపోతుంది; రంగు మరక మాత్రమే మిగులుతుంది. నేల తడవలేదు కాబట్టి లీకు లేదనుకోవడం పొరపాటు. రెండవది కారు లోపలికి: హీటర్ కోర్ చిల్లుపడితే కాళ్లకింది పట్టా తడుస్తుంది, తీపి వాసన వస్తుంది, అద్దంపై జిడ్డుపొర కడుతుంది. మూడవది ఇంజనులోకి: హెడ్ గాస్కెట్ దెబ్బతింటే ద్రవం సిలిండరులో ఆవిరై తెల్లపొగగా పోవచ్చు, లేదా ఆయిల్‌లో కలిసి దానిని పాలవర్ణానికి తేవచ్చు. తక్కువ దూరాలు తిరిగే కార్లలో ఆయిల్ మూత కింద తేమ చేరి ఇదే రంగు కనిపించవచ్చు కనుక ఆ ఒక్క గుర్తుతో నిర్ణయానికి రాకూడదు.

పరీక్షకూ క్రమం ఉంది. చల్లారిన ఇంజనులో మట్టం గుర్తించాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు. చేతిపంపుతో క్యాప్‌పై సూచించిన పీడనం వరకు ఎక్కించి, అది పడిపోతుందేమో చూడాలి. క్యాప్‌ను విడిగా పరీక్షించాలి. వెలుపల జాడ లేకపోతే తొట్టిలోని గాలిని నీలిరంగు రసాయనం గుండా పంపాలి. దహనవాయువుల్లోని కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఆ రంగు పసుపుకు మారుతుంది.

5. మరమ్మతు:
క్యాప్, గొట్టం వంటివి స్వల్పఖర్చుతో మారేవి. గాస్కెట్ మార్చేటప్పుడు సిలిండర్ హెడ్ వంగిందేమో సరళపట్టీతో చూడకపోతే కొత్త గాస్కెట్ కూడా నిలవదు. లోపల గాలి మిగలకుండా నింపాలి. మిగిలిన గాలి బయటపడ్డాక మట్టం కొద్దిగా తగ్గడం లోపం కాదు. ఉత్త నీరు పోస్తూ పోతే తుప్పును నివారించే రసాయనాలు పలచబడతాయి.

6. ముగింపు:
బెర్తా బెంజ్‌కు నీరు నింపడం ప్రయాణంలో భాగం. మూసిన వలయం గల కారులో పదేపదే నింపవలసి రావడం లోపానికి సాక్ష్యం. పైగా ఇథిలీన్ గ్లైకాల్ తియ్యని విషం. నేలపై పడినది పిల్లలకూ, పశువులకూ ప్రాణాంతకం. కాబట్టి ఇక్కడ నష్టం యజమానిదే కాదు. తగ్గిన ద్రవాన్ని నింపడం కన్నా, అది పోయిన దారిని వెతకడమే నేటి యంత్రానికి తగిన పద్ధతి.