మూలకణాలు: ఆశకూ నీతికీ నడుమ అరవై ఏళ్ళ చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు అనుకుంటాం. ఒక చిన్న కణానికి కూడా చరిత్ర ఉందని, అందులోనూ యుద్ధం, చట్టం, మోసం, త్యాగం అన్నీ ఉన్నాయని పదకొండో తరగతి జీవశాస్త్రం చదివేటప్పుడు నాకు తెలిసింది. అందుకే ఈ ఏడాది చరిత్ర వ్యాసానికి మూలకణాలను ఎంచుకున్నాను. పేపర్లలో, టీవీల్లో వీటినే స్టెమ్ సెల్స్ అంటున్నారు.

ముందు మూలకణం అంటే ఏమిటో చూద్దాం. మన ఒంట్లో చాలా కణాలకు ఒక్కటే పని. కండరం కణం కండరంగానే ఉంటుంది, నరం కణం నరంగానే ఉంటుంది. మూలకణం అలా కాదు. అది తనలాంటి కణాన్ని ఇంకోదాన్ని తయారుచేస్తుంది, అవసరమైతే వేరే రకం కణంగానూ మారుతుంది. మా హోసూరు పక్క రైతులు పండిన రాగుల్లో కొన్ని విత్తనానికి దాచి, మిగతావి తిండికి వాడుకుంటారు కదా, ఇదీ అలాంటిదే. విత్తనం ఉన్నంతకాలం పంట ఆగదు.

ఈ కథ వెనక ఒక బాంబు ఉంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు వేశారని మనందరం చదువుకున్నాం. ఆ రోజు మంటల్లో పోయినవాళ్ళు కొందరైతే, పెద్ద గాయాలు లేకుండా బయటపడ్డవాళ్ళు కూడా కొన్ని వారాలకు జుట్టు రాలి, చిగుళ్ళ నుంచి నెత్తురు కారి చనిపోయారు. కారణం రేడియేషన్. అది ఎముకల్లోని మూలుగను చంపేసింది. మనకు కొత్త నెత్తురు పుట్టేది ఆ మూలుగలోనే. ఇంకో అణుయుద్ధం వస్తే మనుషులను ఎలా కాపాడాలి అన్న భయంతోనే చాలా దేశాల్లో మూలుగ మీద పరిశోధన పెరిగింది.

కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లాక్ అనే ఇద్దరు ఎలుకలకు బలమైన రేడియేషన్ ఇచ్చి, తర్వాత వేరే ఎలుకల మూలుగ కణాలను ఎక్కించారు. పది రోజుల తర్వాత ఆ ఎలుకల ప్లీహం మీద చిన్న చిన్న బొడిపెలు కనిపించాయి. ఎక్కువ కణాలు ఎక్కిస్తే ఎక్కువ బొడిపెలు, తక్కువ ఎక్కిస్తే తక్కువ. 1961లో వాళ్ళు ఈ సంగతి ప్రచురించారు. ఒక్కో బొడిపె ఒకే ఒక్క కణం నుంచి పుట్టిందని 1963లో తోటి శాస్త్రవేత్తలతో కలిసి చూపించారు. మూలకణం ఉందని చెప్పడానికి దొరికిన గట్టి సాక్ష్యం అదే.

మనుషుల విషయానికొస్తే, 1958లో యుగోస్లావియాలోని వించా అణు రియాక్టర్‌లో ప్రమాదం జరిగి ఆరుగురికి రేడియేషన్ సోకింది. వాళ్ళను పారిస్ తీసుకెళ్ళారు. అక్కడ డాక్టర్ జార్జ్ మాతే వాళ్ళలో ఐదుగురికి ఫ్రెంచి దాతల మూలుగ ఎక్కించారు. ఆ దాతలకూ ఈ రోగులకూ ఏ చుట్టరికమూ లేదు. ఆరుగురిలో ఒకరు చనిపోయారు, ఐదుగురు బతికారు. మూలుగ వల్లే బతికారా కాదా అని డాక్టర్లు తర్వాత వాదించుకున్నారు గానీ, ముక్కూ మొహం తెలియని మనిషి కోసం తన ఎముకలో సూది గుచ్చనిచ్చినవాళ్ళ మనసు మీద వాదన ఏముంటుంది?

అమెరికాలో డొనాల్ థామస్ అనే డాక్టర్ 1957లో మూలుగ ఎక్కించిన ఆరుగురు రోగుల గురించి రాశారు. వాళ్ళలో ఒక్కరు కూడా వంద రోజులు దాటి బతకలేదు. ఆయన దాన్ని దాచలేదు. ఏళ్ళ తరబడి పనిచేసి, దాతకూ రోగికీ సరిపోలిక చూసే పద్ధతులు వచ్చాక ఫలితం సాధించారు. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో, 1986లో వేలూరు సి.ఎం.సి.లో మూలుగ మార్పిడి మొదలైంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ 'రాయవేలూరు' అనే అంటారు. పెద్ద జబ్బు అనగానే మా వాళ్ళకు గుర్తొచ్చే ఊరు అదే.

ఇంతవరకూ నీతి గురించి పెద్ద గొడవ లేదు. పెద్ద మనిషి తన ఇష్టంతో తన మూలుగ ఇస్తున్నాడు. అసలు చిక్కు పిండం దగ్గర మొదలైంది. 1978 జూలై 25న ఇంగ్లండులో లూయీస్ బ్రౌన్ అనే పాప పుట్టింది. అమ్మ కడుపు బయట, గాజు పాత్రలో ఫలదీకరణ జరిగి పుట్టిన మొదటి బిడ్డ ఆమె. దాంతో ల్యాబ్‌లో మానవ పిండాలు ఉండే రోజు వచ్చింది. 1981లో ఎలుక పిండం నుంచి మూలకణాలు తీశారు. 1998లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండం నుంచి తీసింది. పిల్లల కోసం చికిత్స చేయించుకున్న దంపతులు, తమకు ఇక అవసరం లేని పిండాలను ఒప్పుకుని ఇస్తేనే వాళ్ళు వాడారు. ఐదారు రోజుల పిండం, కంటికి సరిగ్గా ఆనదు. దాంట్లోని కణాలు ఒంట్లోని ఏ భాగంగానైనా మారగలవు. కానీ కణాలు తీస్తే పిండం మిగలదు.

ఇక్కడే లోకం రెండుగా చీలింది. ప్రాణం మొదటి క్షణం నుంచే పవిత్రం, ఒకరిని బతికించడానికి ఇంకొకరిని వాడకూడదు అని కేథలిక్ చర్చి, ఇంకా చాలామంది అన్నారు. ఎలాగూ పారేసే పిండంతో రోగులకు మేలు జరుగుతుంటే వాడకపోవడమే తప్పు అని మరికొందరు అన్నారు. రెండు వైపులా ఉన్నవాళ్ళు మనుషుల మీద జాలి ఉన్నవాళ్ళే. అందుకే ఈ వాదన అంత తొందరగా తేలలేదు.

ఒక్కో దేశం ఒక్కో గీత గీసుకుంది. ఇంగ్లండులో మేరీ వార్నక్ అనే తత్త్వవేత్త అధ్యక్షతన ఉన్న కమిటీ 1984లో, పిండాన్ని ల్యాబ్‌లో 14 రోజులకు మించి పెంచకూడదని చెప్పింది. ఇంచుమించు ఆ సమయానికే పిండంలో వెన్ను వైపు మొదటి గీత ఏర్పడుతుంది. ఆ తర్వాత అది విడిపోయి కవలలు కావడం ఉండదు. 1990లో ఇది చట్టమైంది. జర్మనీ అదే ఏడాది ఇంకా కఠినమైన చట్టం చేసింది. అమెరికాలో 2001 ఆగస్టు 9న అధ్యక్షుడు జార్జి బుష్, ఆ తేదీకి ముందే తీసిపెట్టిన కణాల మీద పరిశోధనకు మాత్రమే కేంద్ర ప్రభుత్వ డబ్బు ఇస్తామన్నారు. అప్పుడు తయారుచేసిన జాబితాలో మన పక్కనే ఉన్న బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం పేరు, ముంబైలోని రిలయన్స్ లైఫ్ సైన్సెస్ పేరు కూడా ఉన్నాయి. అమెరికా వాదనలో మన దేశం కూడా ఉందని చదివి నేను ఆశ్చర్యపోయాను. 2009 మార్చి 9న ఒబామా ఆ ఆంక్షను ఎత్తేశారు.

ఆశ ఎక్కువైతే ఏమవుతుందో కొరియా చూపించింది. సియోల్‌లో హ్వాంగ్ వూసుక్ అనే శాస్త్రవేత్త, క్లోనింగ్ చేసిన మానవ పిండం నుంచి మూలకణాలు తీశానని 2004లో, రోగుల సొంత కణాలతో 11 రకాలు తయారుచేశానని 2005లో ప్రకటించారు. దేశమంతా ఆయనకు నీరాజనం పట్టింది. చక్రాల కుర్చీలోని మనిషి లేచి నిలబడుతున్నట్టు తపాలా బిళ్ళ కూడా వేశారు. తర్వాత విచారణలో ఆ ఫలితాలు కల్పించినవని తేలింది. 2006 జనవరిలో ఆ వ్యాసాలను పత్రిక ఉపసంహరించుకుంది. అండాలు ఇచ్చినవాళ్ళలో ఆయన ల్యాబ్‌లో పనిచేసే యువతులు కూడా ఉన్నారు. పై అధికారి పనికి కావాలంటే కింద పనిచేసేవాళ్ళు 'నేనివ్వను' అని ధైర్యంగా చెప్పగలరా? అడగనిదే అమ్మయినా పెట్టదు అంటారు. ఇక్కడ అడగడం ఒక్కటే చాలదు, కాదనే స్వేచ్ఛ కూడా ఉండాలి.

అదే 2006లో జపాన్‌లోని క్యోటోలో షిన్యా యమనక కొత్త దారి కనిపెట్టారు. పిండాన్ని సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు తనకు తన కూతుళ్ళు గుర్తొచ్చారని, పిండాలను పాడుచేయని దారి వెతకాలని అనుకున్నానని ఆయన చెప్పారు. 24 జన్యువులతో మొదలుపెట్టి, చివరికి నాలుగు చాలని తేల్చారు. ఆ నాలుగింటితో ఎలుక చర్మ కణం తిరిగి మూలకణంలా మారింది. 2007లో మనిషి కణంతోనూ సాధ్యమైంది. 2012లో ఆయనకు, యాభై ఏళ్ళ క్రితమే కప్పల మీద ప్రయోగాలతో దీనికి పునాది వేసిన జాన్ గర్డన్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. నీతి అడ్డొస్తే సైన్సు ఆగిపోతుందని కొందరంటారు. యమనక విషయంలో మాత్రం నీతి ప్రశ్నే కొత్త సైన్సుకు దారి చూపింది.

మన తెలుగు నేల మీద కూడా ఒక మంచి అధ్యాయం ఉంది. తాంబూలంలో వేసుకునే సున్నం ప్యాకెట్ పిల్లలు నొక్కితే కంట్లోకి చిమ్ముతుంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోయి చూపు పోతుంది. రెండో కంటి అంచు నుంచి కణాలు తీసి ల్యాబ్‌లో పెంచి అతికించే పద్ధతిని 1997లో ఇటలీ వాళ్ళు చూపించారు. సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలంలో హైదరాబాదులో కట్టిన కంటి ఆసుపత్రిలో 2001 నుంచి ఈ చికిత్స చేశారు. 2012లో అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ల్యాబే అవసరం లేని పద్ధతి ప్రచురించింది. మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీదే పెంచుతారు. ఖర్చు తగ్గితే బీదవాళ్ళకూ చూపు వస్తుంది. నీతి అంటే ఇది కూడా అని నా అభిప్రాయం.

ఇప్పుడు చెప్పబోయేది తల్లిదండ్రులు కూడా చదవాలని నా కోరిక. మా చిన్నాయన స్నేహితుడి కొడుక్కి కండరాలు మెల్లమెల్లగా బలహీనపడే జబ్బు ఉంది. ఒక నగరంలోని క్లినిక్‌వాళ్ళు "స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేస్తే లేచి నడుస్తాడు" అని ఏడు లక్షలు అడిగారు. ఆయన మామిడి తోట అమ్మడానికి సిద్ధమయ్యాడు. మా సైన్సు సారు ఆయనకు మూడు ప్రశ్నలు రాసిచ్చారు. ఈ జబ్బుకు ఈ చికిత్స ఒప్పుకున్నట్టు కాగితం ఉందా? పరిశోధన అయితే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబరు ఏది? పరిశోధనే అయితే మా దగ్గర డబ్బు ఎందుకు? ఫోన్ చేసి అడిగితే "నమ్మకం ఉంటే రండి, లేకుంటే వద్దు" అన్నారు. తోట అమ్మలేదు. బిడ్డకు జబ్బు తగ్గలేదు, వ్యాయామ చికిత్స మాత్రం నడుస్తోంది. మా అవ్వ ఈ సంగతి విని, "ఉందని చెప్పి తోట అమ్మించేవాడి కంటే లేదని చెప్పేవాడే మేలు గదా నాయనా" అంది.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. రక్త జబ్బులకు చేసే మూలుగ, రక్త మూలకణాల మార్పిడి వంటి నిరూపించిన చికిత్స వేరు. మిగతా జబ్బులకు మూలకణాలు వాడాలంటే అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే వాడాలి, చికిత్స పేరుతో అమ్మకూడదు.

2014లో జపాన్‌లోని కోబెలో మసాయో తకహాషి బృందం, చూపు తగ్గిపోతున్న డెబ్భై ఏళ్ళు దాటిన ఒకామెకు ఆమె చర్మం నుంచే తయారుచేసిన కణాల పొరను కంట్లో పెట్టింది. లోకంలో అదే మొదటిసారి. రెండో రోగికి కూడా కణాలు సిద్ధం చేశారు. కానీ ఆ కణాల జన్యువుల్లో మార్పులు కనబడ్డాయి. వెంటనే ఆపేశారు. లోకమంతా చూస్తున్నప్పుడు 'ఇంకా సిద్ధంగా లేదు' అని చెప్పడం చిన్న పని కాదు.

ఈ అరవై ఏళ్ళలో నేను చూసింది ఒకటే. కణం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నతో పాటు, ఇచ్చినవాళ్ళను అడిగారా, తీసుకునేవాళ్ళకు నిజం చెప్పారా అన్న ప్రశ్నలు కూడా ముఖ్యం. థామస్ ఓటమిని దాచలేదు, తకహాషి అనుమానాన్ని దాచలేదు. హ్వాంగ్ దాచారు. మూలకణాల వల్ల రేపు చాలా జబ్బులు నయం కావచ్చు. నిజం చెప్పేవాళ్ళ చేతుల్లో ఉన్నప్పుడే ఆ రోజు త్వరగా వస్తుంది. మనలో కొందరు డాక్టర్లు, శాస్త్రవేత్తలు అవుతారు. మిగతావాళ్ళం ఎప్పుడో ఒకప్పుడు రోగులమో, రోగి బంధువులమో అవుతాం. అడగడం ఇప్పటి నుంచే నేర్చుకుందాం.