ద్యూతసభలో ఓడినవాడి మొర

జూదంలో ఓడినవాడు తనకు మోసం జరిగిందని రాజును ఆశ్రయిస్తే, రాజు వినాలా, వినకూడదా? జూదరికీ జూదశాల యజమానికీ నడుమ పుట్టే ఈ తగవు నేటిది కాదు. మనుస్మృతి వివాదాలను పద్దెనిమిది వ్యవహారపదాలుగా విభజించి, ద్యూతసమాహ్వయాన్ని చివరిదిగా పేర్కొంది. పాచికల వంటి అచేతన వస్తువులతో ఆడేది ద్యూతం. ప్రాణులపై పందెం కాసేది సమాహ్వయం.

ఈ రెండూ బహిరంగ చౌర్యమేనని, రాజ్యంలో వాటికి తావు ఉండరాదని మనువు శాసించాడు. యాజ్ఞవల్క్యుడు వాటిని రాజనియంత్రణలో ఉంచే మార్గం చూపాడు. జూదశాల నిర్వాహకుడికి సభికుడని పేరు. నూరు, అంతకు మించిన పందెపు రాబడిపై నూటికి 5, తక్కిన వారి నుండి నూటికి 10 అతడు గ్రహించవచ్చు. అందుకు ప్రతిగా రాజుకు ఒప్పుకున్న భాగం చెల్లించాలి, గెలిచినవాడికి రావలసిన ధనాన్ని వసూలు చేసి ఇవ్వాలి, సత్యమే పలకాలి, క్షమ వహించాలి. రాజభాగం ముట్టిన ప్రసిద్ధ ద్యూతసభలో, సభికుడి సమక్షంలో గెలిచిన ధనాన్ని మాత్రమే రాజు ఇప్పిస్తాడు. చాటున ఆడిన ఆటకు ఆ రక్షణ లేదు.

మరి ఓడినవాడి మాట ఏమిటి? అర్థశాస్త్రంలో దీనిపై గంభీరమైన చర్చ ఉంది. ద్యూతవివాదం వచ్చినప్పుడు గెలిచినవాడికి ప్రథమ సాహసదండం, ఓడినవాడికి అంతకు మించిన మధ్యమ సాహసదండం విధించాలని పూర్వాచార్యుల మతం. గెలుపు కోరే మూఢుడు ఓటమిని సహించలేక వివాదానికి దిగుతాడని వారి హేతువు. కౌటిల్యుడు దీనిని అంగీకరించలేదు. ఓడినవాడికి దండన రెట్టింపైతే రాజును ఆశ్రయించేవాడే ఉండడు. జూదరులు ప్రాయికంగా కపటంతో ఆడేవారే కదా అని ఆయన సమాధానం. అందుకే అధ్యక్షుడే శుద్ధమైన పాచికలు ఇవ్వాలని, వాటిని మార్చినవాడికి 12 పణాల దండన విధించాలని నియమించాడు. ఓడినవాడు మూఢుడే కావచ్చు. అంతమాత్రాన అతడికి న్యాయద్వారం మూసివేయడం రాజధర్మం కాదు.

అయితే ఆ ద్వారం దాకా రాలేని అధమర్ణుడి దుర్దశను శూద్రకుడి మృచ్ఛకటికం చూపుతుంది. పది సువర్ణాలు ఓడిన సంవాహకుడు, సభికుడైన మాథురుడికి భయపడి శూన్యదేవాలయంలో దేవతాప్రతిమవలె నిశ్చలంగా నిలుచుంటాడు. అతడిని వెదుకుతూ వచ్చినవారు అక్కడే పాచికలాట మొదలుపెడతారు. ఆ ధ్వని చెవిన పడగానే అతడు తన్ను తాను నిగ్రహించుకోలేక బయటపడి పట్టుబడతాడు. చివరకు వసంతసేన తన ఆభరణం పంపి ఆ ఋణం తీరుస్తుంది. ఋణవిముక్తుడైన సంవాహకుడు మళ్లీ జూదశాల వైపు పోడు, బౌద్ధభిక్షువు అవుతాడు.

శుద్ధమైన పాచికలను రాజు ఇప్పించగలడు, కపటిని దండించగలడు. పాచికల ధ్వనికి చలించే మనస్సును నిగ్రహించవలసింది మాత్రం ఆ మనస్సు గలవాడే.