మందను కాచిన కుక్క

రోమను పండితుడైన వర్రో క్రీ.పూ. 37లో, తన ఎనుబదవ యేట, వ్యవసాయమును గూర్చి గ్రంథము రచించుచు మందకుక్క మెడకు మేకులు కొట్టిన తోలుపట్టెడ కట్టవలెనని చెప్పినాడు. తోడేలు మొదట పట్టునది గొంతునే గదా! హిమాలయ కాపరులు చిరుతకు వెరచి తమ పెద్ద బొచ్చుకుక్కలకు ఇనుపముళ్ల పట్టెడలు వేయుట నేటికిని కలదు.

ఖమ్మము, భద్రాచలము అడవుల అంచున కూడ చిరుతలు, రేచుకుక్కలు ఉన్నవి. ఇచ్చట గొల్లకురుమల కుక్క మాత్రము పొట్టివెండ్రుకలది, బక్కపలచనిది. దానిని చిన్నచూపు చూడరాదని మా అభిప్రాయము. కురుమలు కొలుచు మైలారు మల్లన్న విగ్రహముల చెంత కుక్కను చెక్కిన శిల్పి దాని విలువ నెరిగినవాడే.

చలిదేశపు బొచ్చుకుక్కను ఈ సీమకు తెచ్చినవారికి వేసవి పరీక్ష. 45 డిగ్రీల ఎండలో, పాపము, జాలిపడి బొచ్చు గొరిగించెదరు. అది దానికి హాని. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాపి వగర్చియే చల్లబడును. పైబొచ్చు ఎండను చర్మమునకు తగులనీయదు. రాలు లోబొచ్చును దువ్వి తీసి, నీడయు నీరును చూపిన చాలును.

ఇంకొక మాట. గొఱ్ఱెపిల్లల నడుమ పెరిగిన కుక్కపిల్లయే మందను తనదిగా నెంచును. దానికి టీకాలు వేయించుట శ్రోతలు మరువరాదు: కుక్కల జబ్బులు అడవిలోని రేచుకుక్కలకును అంటుకొనును.