క్రూరలోక భావన

అదేపనిగా చెడు వార్తలు చూసేవారికి లోకం ఉన్నదానికంటే భయంకరంగా తోచడం. టీవీ ప్రేక్షకుల్లో దీన్ని గుర్తించి పేరు పెట్టినవాడు అమెరికా పరిశోధకుడు జార్జ్ గెర్బ్‌నర్.

2021 వేసవిలో, కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు, మన ఇళ్లల్లో టీవీ నిండా కాలే చితులు, ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు, కింద ఎర్ర పట్టీలో మృతుల లెక్క. ఆ రోజుల్లోనే శామీర్‌పేట దగ్గర, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ కరోనా టీకా కొవాగ్జిన్ తయారుచేస్తోంది. దాని అత్యవసర వాడకానికి ఆ ఏడాది జనవరి 3నే అనుమతి వచ్చింది. సీసాల్లో టీకా నింపే ఆ ఓపికైన పనికి బ్రేకింగ్ పట్టీ దక్కలేదు. ఇది పెద్ద లోటు.

ఈ భయం ప్రాణాలకూ ముప్పే. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారన్న వాట్సాప్ వదంతులతో తెలంగాణ పల్లెల్లో కొత్తవారిపై దాడులు జరిగాయి. గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, జానపద పాటలతో జనానికి నిజం చెప్పించారు.