ఇల్లు సరే, పేట ఎవరిది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. "ఇల్లు కొని చూడు" అనలేదు. వాళ్ళ కాలంలో రియల్టర్లూ మార్ట్‌గేజీలూ లేవు కాబోలు. మన అసోసియేషన్ కుటుంబాల్లో ఈ ఏడాది ఇళ్ళ వేటలో ఉన్న పిల్లలు నాకు తెలిసి అరడజను మంది ఉన్నారు. ఎక్కడ భోజనాల దగ్గర కలిసినా వాళ్ళడిగే ప్రశ్న ఒకటే: "అంకుల్, ఏ టౌన్ బాగుంటుంది?" నలభై ఏళ్ళకు పైగా న్యూజెర్సీలో ఉంటున్నవాణ్ణి కనుక నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. జవాబు చెప్పబోయి ప్రతిసారీ తడబడతాను. ఎందుకో చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పాలి, కొంత నా సంగతీ చెప్పాలి. సావనీరు సంపాదకులు "ఏదైనా చరిత్ర వ్యాసం రాయండి, శాతవాహనుల మీదైనా సరే" అన్నారు. శాతవాహనుల కన్నా మనం కాపురముంటున్న వీధుల గురించే మనకు తక్కువ తెలుసని నా అనుమానం.

మేము ఇల్లు కొన్నది 1986లో. పెద్దవాడు కిండర్‌గార్టెన్‌లో చేరబోతున్నాడు, చిన్నది ఇంకా పాకుతోంది. మా ఆవిడా నేనూ పసుపు రంగు కాగితాల పుస్తకం ముందేసుకుని మాక్కావలసినవి రాసుకున్నాం. మంచి స్కూళ్ళు, పదిహేను నిమిషాల్లో న్యూయార్క్ రైలు, పిల్లలాడుకోవడానికి వెనక దొడ్డి, సందడి లేని వీధి, రేపు అమ్మితే పెరిగే ధర, వీలైతే తూర్పు వాకిలి. (ఆఖరిది మా మామగారు ఉత్తరంలో రాసి పంపిన షరతు.) ఇప్పటి పిల్లల జాబితా కూడా ఇంచుమించు ఇదే.

మమ్మల్ని ఇళ్ళు చూడ్డానికి తిప్పిన రియల్టరమ్మ చాలా మర్యాదస్తురాలు. మేము పేపర్లో చూసి ఫలానా టౌన్ అంటే, "అక్కడ మీకు అంత సౌకర్యంగా ఉండదేమో" అని చిరునవ్వు నవ్వి కారు ఇంకోవైపు తిప్పేది. ఆ "మీకు" అన్న మాటలో ఎంత ఉందో మాకు అప్పుడు తట్టలేదు. మన వైపు అద్దెకిల్లు అడగబోతే ఇంటాయన "మీరేవిట్లు?" అని సూటిగా అడిగేవాడు. ఇక్కడ అడగరు, కారు తిప్పుతారు. ఇది 1968 నుంచీ చట్టవిరుద్ధమే. అయినా 2019లో న్యూస్‌డే పత్రిక లాంగ్ ఐలాండ్‌లో రకరకాల జాతులవారిని కొనుగోలుదార్లలా పంపి మూడేళ్ళపాటు సాగించిన పరిశీలన ఫలితాలు అచ్చువేస్తే, నల్లవారిని పంపినప్పుడు నూటికి 49 సార్లు, ఆసియావారిని పంపినప్పుడు 19 సార్లు తేడాగా చూసినట్లు తేలింది.

క్లోజింగ్ రోజున లాయరు చేతికిచ్చిన కట్టలో పాత దస్తావేజు నకలొకటి ఉంది. మా వీధి 1939లో ఒక బిల్డరు వేసిన లేఅవుట్. ఇన్ని అడుగులు వదిలి కట్టాలి, కోళ్ళు పెంచకూడదు వగైరా షరతుల మధ్య ఇంకో షరతు: కాకేసియన్ జాతికి చెందనివారు ఈ స్థలంలో నివసించరాదు; యజమాని ఇంట్లో పనిచేసే నౌకర్లకు మాత్రం మినహాయింపు. నేను రెండుసార్లు చదివాను. లాయరు "అదిప్పుడు చెల్లదులెండి" అని పేజీ తిప్పేశాడు. సంతకం చేశాను. ఆ వారమే పాలు పొంగించాం, స్మోక్ అలారం మోగింది, అందరం నవ్వుకున్నాం. దస్తావేజు బీరువాలో పెట్టేశాను.

రెండేళ్ళ తర్వాత మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లుంది. మొదటి వారం ఇల్లంతా తిరిగి మురిసిపోయింది. రెండో వారం నుంచి కిటికీ దగ్గర కూర్చునేది. "ఇది ఊరా, వేసవి సెలవుల్లో బడా?" అంది ఒకరోజు. కరివేపాకు సంగతి దేవుడెరుగు, పాలకైనా, స్టాంపుకైనా నడిచి వెళ్ళే కొట్టు లేదు. నడుద్దామంటే పేవ్‌మెంటూ లేదు. "ఇన్ని ఇళ్ళున్న చోట ఒక్క కొట్టు పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదురా?" అని అడిగింది. ఇంజనీరునే అయినా నా దగ్గర జవాబు లేదు. రిటైరయ్యాక లైబ్రరీలో కూర్చుని చదవడం మొదలుపెడితే అప్పుడు దొరికింది.

కొట్టు పెట్టాలని తోచకపోవడం కాదు, పెట్టకూడదని శాసనం. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే చిన్న ఊరుంది. 1922లో ఆ ఊరివారు స్థలాలన్నిటినీ వర్గాలుగా విడగొట్టి, కొన్నిచోట్ల విడి ఇళ్ళు తప్ప మరేవీ కట్టకూడదన్నారు. అక్కడ 68 ఎకరాలున్న ఆంబ్లర్ రియాల్టీ కంపెనీ కోర్టుకెక్కింది. 1926లో సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పు చెప్పింది. కొట్లూ కర్మాగారాలే కాదు, విడి ఇళ్ళ మధ్య అపార్టుమెంటు వస్తే అది కూడా పరాన్నజీవిలాంటిదే అన్నట్లుగా ఆ తీర్పు సాగుతుంది. దేశమంతటా ఊళ్ళు దాన్ని ఆసరా చేసుకుని అర ఎకరానికి ఒకే ఇల్లు, ఎకరానికి ఒకే ఇల్లు అని నిబంధనలు పెట్టుకున్నాయి. ధర ఎక్కువైతే తక్కువ డబ్బున్నవాడు దానంతటదే దూరమవుతాడు, ఎవర్నీ రావద్దనక్కర్లేదు.

ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్. ఈ పేరు ఎక్కడో విన్నట్లుందే అనుకుంటూ వెదికితే తేలింది: మూడేళ్ళ ముందు, 1923లో, భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు రాసినదీ ఆయనే! థింద్ పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. వలస వచ్చినవారిలో తెల్లవారికీ ఆఫ్రికా సంతతివారికీ తప్ప పౌరసత్వం దక్కని రోజుల్లో, తాను అగ్రవర్ణపు ఆర్యుణ్ణనీ, కనుక కాకేసియన్‌ననీ వాదించాడు. (కులం గొప్ప చెప్పుకుని మరో దేశంలో తలుపు తెరిపించుకోవాలని చూడడం మనకు కొత్తేమీ కాదు.) పండితులు ఏమన్నా సరే, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు పొమ్మన్నాడు సదర్లాండ్. ఆయన ఇంగ్లండులో పుట్టి వలస వచ్చినవాడే.

ఆ తీర్పు దెబ్బ ఒక ఇంటి మీద ఎలా పడిందో చెబుతాను. వైష్ణో దాస్ బగాయ్ 1915లో భార్య కళా బగాయ్‌తో, ముగ్గురు పిల్లలతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. బర్క్లీలో ఇల్లు కొనుక్కుని సామాను బండితో వెళ్ళేసరికి ఇరుగుపొరుగులు తలుపులకు తాళం వేసి ఉంచారు. కుటుంబం వెనక్కి మళ్ళింది. ఆయన పౌరసత్వం సంపాదించుకున్నాడు గాని, థింద్ తీర్పు తర్వాత అదీ పోయింది. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. కళా బగాయ్ పిల్లల్ని పెంచి పెద్దచేసి, తర్వాతి కాలంలో వచ్చిన మనవాళ్ళకెందరికో అండగా నిలిచింది. 2020లో బర్క్లీ నగరం తన వీధిలో కొంత భాగానికి ఆమె పేరు పెట్టాలని నిర్ణయించింది. ఏ ఊరు తాళం వేసిందో ఆ ఊరే.

ఇక నా దస్తావేజులోని షరతు సంగతి. జాతినిబట్టి ఊళ్ళను విడగొట్టే చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 1917లోనే అంది. దాంతో ఆ పని ప్రభుత్వం నుంచి ప్రైవేటు ఒప్పందాల చేతికి మారింది, 1926లో కోర్టు దానికి అడ్డు చెప్పలేదు. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, అదే మనం ఎఫ్‌.హెచ్‌.ఏ. అంటున్నది, సామాన్యుడికి దీర్ఘకాలపు ఇంటి అప్పు అందుబాటులోకి తెచ్చింది. అది మేలే, కాదనను. అయితే ఏ ఇంటికి అప్పు హామీ ఇవ్వవచ్చో చెప్పే దాని నిబంధనల పుస్తకంలో, ఇలాంటి జాతి షరతులుంటే మంచిదని సిఫార్సు ఉండేది. మరో ప్రభుత్వ సంస్థ 1930లలో రెండు వందల పైచిలుకు నగరాల పటాలకు రంగులేయించింది. ఆకుపచ్చ అయితే శ్రేష్ఠం, ఎరుపైతే ప్రమాదం. నల్లవారుండే పేటలు దాదాపుగా ఎరుపే. అంటే 1939లో మా బిల్డరు రాసిన ఆ షరతు అతని సొంత పైత్యం మాత్రమే కాదు, వ్యాపారానికి సర్కారు చూపిన దారి. 1948లో షెల్లీ కేసులో కోర్టు ఇటువంటి షరతులను ఏ న్యాయస్థానమూ అమలు చేయరాదంది. అందుకే మా లాయరు పేజీ తిప్పేశాడు.

అమలు చేయరాదన్నా అలవాటు పోలేదు. యుద్ధం తర్వాత విలియం లెవిట్ కార్లు తయారుచేసినట్లు ఇళ్ళు తయారుచేశాడు. 1947లో లాంగ్ ఐలాండ్‌లో మొదలుపెట్టి 17,000కు పైగా కట్టాడు. 1949లో ధర 7,990 డాలర్లు. నల్లవారికి మాత్రం అమ్మనన్నాడు. పెన్సిల్వేనియాలోని రెండో లెవిట్‌టౌన్‌లో 1957లో మయర్స్ దంపతులు వేరేవారి దగ్గర ఇల్లు కొనుక్కుని దిగితే, వందలాది జనం చేరి రాళ్ళు విసిరారు. భర్త యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. మూడోది మన న్యూజెర్సీలోనే, బర్లింగ్టన్ కౌంటీలో 1958లో మొదలైంది. ఇక్కడ రాష్ట్ర చట్టం అడ్డొచ్చి, 1960లో కోర్టులో ఓడి, నల్లవారికి అమ్మక తప్పలేదు. 1963లో ఆ ఊరు లెవిట్ పేరు వదిలి మళ్ళీ విలింగ్‌బరో అయింది. తర్వాత పదేళ్ళకు తెల్లవారు గాభరాపడి ఇళ్ళు అమ్ముకుపోతుంటే, 1974లో ఊరివారు "ఇల్లు అమ్మబడును" బోర్డులనే నిషేధించారు. కలిసి ఉండాలనే సదుద్దేశమే. 1977లో సుప్రీంకోర్టు అది వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టేసింది. తీర్పు రాసినది థర్గుడ్ మార్షల్. 1948లో షెల్లీ కేసుతోపాటు విచారణకొచ్చిన డెట్రాయిట్ కేసులో జాతి షరతులకు వ్యతిరేకంగా వాదించిన లాయరు ఆయనే. భయపడి బోర్డు పెట్టేవాడి హక్కును కూడా ఆయనే కాపాడవలసి వచ్చింది.

1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం మారింది, 1968లో ఇళ్ళ అమ్మకంలో వివక్ష నిషేధమైంది. మనలో పెద్దతరం దాదాపుగా ఈ రెండు చట్టాల తర్వాత వచ్చినవాళ్ళమే. దారి ఎవరో చదును చేశాక నడిచాం. ఎవరు చేశారో అడగలేదు.

ఇక నా సంగతి. విలింగ్‌బరోకు దగ్గర్లోనే మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్ ఉంది. ఎథెల్ లారెన్స్ అనే నల్లజాతి మహిళ కుటుంబం అక్కడ తరతరాలుగా ఉంది. 1970 ప్రాంతంలో అక్కడి పేదలు చిన్న అపార్టుమెంట్లు కట్టుకుంటామంటే, ఇక్కడ ఉండే స్తోమత లేకపోతే వెళ్ళిపోండన్నట్లు మాట్లాడాడు మేయరు. ఆమె కోర్టుకెళ్ళింది. 1975లోనూ, మళ్ళీ 1983లోనూ న్యూజెర్సీ సుప్రీంకోర్టు, ప్రతి ఊరూ తక్కువ ఆదాయం వాళ్ళకు కూడా తనవంతు చోటు కల్పించాలని చెప్పింది. 1985 చట్టంలో ఒక వెసులుబాటు పెట్టారు: ఊరు తనవంతులో సగం దాకా డబ్బు కట్టి మరో ఊరికి అప్పగించవచ్చు. అది 2008 దాకా సాగింది.

1989లో ఆ వంతు మా ఊరికొచ్చింది. మా రోడ్డు చివర మొక్కజొన్న చేనులో టౌన్‌హౌసులు కడతారట, కొన్ని తక్కువ ఆదాయం వాళ్ళకట. పేటంతా ఉడికిపోయింది. పిటిషన్ కాగితం మనవాళ్ళ ఇళ్ళకూ గుజరాతీల ఇళ్ళకూ పట్టుకు తిరిగినది నేను. స్కూలు జిమ్‌లో మీటింగు జరిగితే మైకు ముందు నిలబడి మాట్లాడినదీ నేనే. ట్రాఫిక్ అన్నాను, క్లాసుల్లో పిల్లలు ఎక్కువవుతారన్నాను, ఊరి స్వరూపం మారిపోతుందన్నాను. చప్పట్లు కొట్టారు. మూడేళ్ళలో ఏనాడూ పలకరించని మా ఎదురింటి పెద్దాయన వచ్చి భుజం తట్టాడు. ఆ రాత్రి ఇంటికొస్తూ, ఇన్నాళ్ళకు ఈ ఊరివాణ్ణయ్యాననుకున్నాను. బీరువాలో ఉన్న దస్తావేజు నాకు గుర్తురాలేదు.

మా గొడవ ఫలించింది, సగం. కొన్ని ఇళ్ళు తగ్గించి, కొన్నిటికి బదులు డబ్బు వేరే నగరానికి కట్టి, మిగిలినవి కట్టారు. ట్రాఫిక్ మునిగిపోలేదు. నా ఇంటి ధర కూడా పడలేదు. మౌంట్ లారెల్‌లో ఎథెల్ లారెన్స్ పేరుతో కట్టిన ఇళ్ళలో 2000 నుంచి జనం చేరారు. ఆమె 1994లోనే పోయింది, చూడలేదు. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు డగ్లస్ మాసీ బృందం ఆ చుట్టుపక్కల పరిశీలించి, ఇళ్ళ ధరలూ నేరాలూ పన్నుల విషయంలో జనం భయపడినదేదీ జరగలేదని 2013లో పుస్తకమే వేసింది. నేను మైకులో చెప్పినవన్నీ అందులో వరుసగా ఉన్నాయి, ఒక్కొక్కటీ కాదని.

మా రోడ్డు చివరి ఆ ఇళ్ళల్లోకి కొన్నేళ్ళకు ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఆయనది గ్యాస్ స్టేషన్‌లో ఉద్యోగం, ఆవిడ మన కిరాణా కొట్లో పనిచేసేది. నన్ను అన్నయ్యగారూ అంటుంది. అమ్మ పోయిన ఏడాది పదిరోజులూ పూటపూటా మాకు భోజనం పంపింది. మీటింగు సంగతి ఆవిడకు నేను చెప్పలేదు. ఈ సావనీరు వాళ్ళింటికీ వెళుతుంది.

వాళ్ళబ్బాయికి ఉద్యోగమొచ్చి నాలుగేళ్ళయింది. మొన్న తల్లితో వచ్చి, "మామయ్యగారూ, ఇల్లు కొందామనుకుంటున్నాం, ఏ టౌన్ బాగుంటుంది?" అని అడిగాడు. స్కూళ్ళ ర్యాంకులూ, పన్నులూ, రైలు టైములూ అన్నీ ఫోన్లో చూపించాడు. వారంలో ఒకరోజు పగలు పదింటికి ఆ వీధుల్లో నడిచి చూడమన్నాను. వాళ్ళమ్మ ఒక్కతే నడిచి వెళ్ళగల కొట్టు, పార్కు, బస్సు ఎక్కడున్నాయో రాసుకోమన్నాను. మా వీధిలో నాలుగో ఇల్లు అమ్మకానికొచ్చింది, అదీ చూడమన్నాను. నచ్చితే, సంతకం పెట్టేముందు 1939 నాటి దస్తావేజు అడిగి తీసుకుని ఒకసారి నా దగ్గరకు రమ్మన్నాను.